పైనుంచి రావలసిన వత్తు

నీలిపూడి మున్సిపాలిటీకి అంతరిక్షంతో అప్పటిదాకా ఉన్న సంబంధం ఒక్కటే. ఆఫీసు పైకప్పు కారేది. ఆ కారే చోట నిలబడి తల ఎత్తితే కాస్త ఆకాశం కనిపించేది.

అలాంటి ఊరికి ఒక సోమవారం నాడు ఉత్తర్వు వచ్చింది. ప్రజలకు అంతరిక్షం గురించి సరదాగా తెలియజెప్పవలసిన అవసరం ఉందట. అందుకని ప్రతి ఆఫీసులోనూ పొద్దున్నే 'నేటి అంతరిక్ష విశేషం' అని ఒకటి బోర్డు మీద రాసి సిబ్బంది చేత చదివించాలట. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కింద ఇంకొక వాక్యం ఉంది. "సదరు విశేషమును దైనందిన పరిపాలనకు అన్వయించి, అమలుపరచి, తీసుకొన్న చర్యలను నివేదించవలెను."

కమిషనర్ దైవాధీనం గారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఆయనకు ఉత్తర్వంటే ప్రాణం. మొక్కలకు నీళ్లు పోయాలని ఉత్తర్వు వచ్చిన ఏడాది, కుండపోత వానలో గొడుగులు పట్టించి మరీ పోయించారు. వాన పడితే మానవచ్చునని అందులో రాసి లేదు.

బోర్డు చదివే వరుసలో అందరికంటే వెనక గవర్రాజు నిలబడేవాడు. వాటర్ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పడం అతని పని. మీసం మొలవని రోజుల్లో టెంపరరీగా చేరాడు. ఇప్పుడు మీసం తెల్లబడింది, టెంపరరీ మాత్రం ఇంకా నల్లగానే ఉంది. ఆ ఏడాది దాటితే వయసు మీరిపోతుంది, ఇక పర్మినెంటు చేయడానికి రూలు ఒప్పుకోదు. అలాగే ఇంటికి పోవాలి, పింఛను కూడా లేకుండా. ఎన్ని బల్లలు తిరిగిందో గాని, అతని ఫైలు చివరకు కమిషనర్ గారి బల్ల మీదకు వచ్చి కూర్చుంది. ఒక్క సంతకం కావాలి. అందుకని గవర్రాజు ఆ నెలంతా ఎవరు ఏం చెప్పినా తల ఊపుతూనే ఉన్నాడు. మామూలుగానే మాట తక్కువ మనిషి, ఆ నెల అదీ లేదు.

కాలవ గట్టు మీద పంపుహౌసులో మోటారు నడిపేవాడు ఖాసిం. ఖాసిం మోటారు వేస్తేనే ట్యాంకు నిండుతుంది, గవర్రాజు వాల్వు తిప్పితేనే వీధికి నీళ్లు పోతాయి. ఇలా ఒకరి చేతి పని ఇంకొకరి చేతిలోకి జారుతూ ఏళ్లు గడిచాయి. ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవారు. ఏ వరసన బావో అడిగితే ఇద్దరికీ తెలియదు.

మొదటి రోజు విశేషం ఇది. "అంతరిక్షంలో గాలి లేదు. కనుక అక్కడ శబ్దం వినిపించదు." ఆ రోజు జనం దగ్గర అర్జీలు తీసుకునే రోజు. కమిషనర్ గారు ఆ కార్యక్రమాన్ని అంతరిక్ష పద్ధతిలో జరపమన్నారు. ఎవరూ నోరు విప్పకూడదు. కుమ్మరి వీధి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కుళాయి తిప్పినట్టు చేయి తిప్పి, ఖాళీ దోసిలి చూపించి, నెత్తి మీద బిందె మోసినట్టు నడిచి, నడుం పట్టుకుంది. గుమస్తా అంతా శ్రద్ధగా చూసి, అర్జీదారుకు నాట్యమందు ఆసక్తి కలదని రాసుకున్నాడు. ఆ సోమవారం ఒక్క ఫిర్యాదూ వినిపించలేదని నివేదిక వెళ్లింది. అందులో అబద్ధం ఏమీ లేదు. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది.

మర్నాటి విశేషం శుక్రుడి గురించి. శుక్ర గ్రహం మీద ఒక రోజు, అక్కడి ఒక ఏడాది కంటే పెద్దదట. తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం, సూర్యుడి చుట్టూ తిరగడానికి పట్టే కాలం కంటే ఎక్కువట. కమిషనర్ గారు గోడ వైపు చూశారు. ఏ పత్రమైనా ఒక్క రోజులో ఇవ్వబడునని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఏ గ్రహపు రోజో మాత్రం రాసి లేదు. ఇకమీదట రోజు అనగా శుక్రదినమని భావించవలెనని ఆయన ఆదేశించారు. ఆఫీసులో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. పన్నులు వసూలు చేసే ఒకతను ఒక రోజు సెలవు పెట్టి అత్తారింటికి వెళ్లాడు. లెక్క ప్రకారం అతనికి ఇంకా తెల్లవారనే లేదు.

ఆ తర్వాత శని వచ్చాడు. శని గ్రహం నీటి కంటే తేలికట, పట్టేంత తొట్టె ఉంటే అందులో తేలుతుందట. క్యాషియరుకు అప్పుడు ఏలినాటి శని నడుస్తోంది. శని తేలికేనని సర్కారే రాతపూర్వకంగా చెప్పాక ఇంకా భయం ఎందుకని అతను శనివారం నువ్వుల నూనె దీపం మానేశాడు. కమిషనర్ గారు మాత్రం తొట్టెకు టెండర్లు పిలిచారు. ఇద్దరు వేశారు. అందులో ఒకడు బిందెలకు మాట్లు వేసేవాడు.

ఇంతవరకు ఊరు ఎలాగో నెట్టుకొచ్చింది. అప్పుడు దిగింది అసలు విశేషం.

"సౌరకుటుంబంలో ప్రతి గ్రహమూ తనకు నిర్దేశించిన కక్షలోనే ఉంటుంది. ఏ గ్రహమూ తన కక్షను విడిచిపెట్టదు. అందువల్లనే సౌరకుటుంబం కోట్ల సంవత్సరాలుగా చెక్కుచెదరకుండా ఉన్నది."

అక్కడ ఉండవలసిన మాట కక్ష్య. గ్రహం తిరిగే దారి. క్ష కింద పెట్టవలసిన యవత్తు టైపు చేసినవాడి చేతిలో జారిందో, యంత్రం మింగిందో తెలియదు గాని, నీలిపూడికి చేరేసరికి కక్ష ఒక్కటే మిగిలింది.

ఎవరికీ వింతగా తోచలేదు. కుటుంబం అన్నాక కక్షలు ఉండవా అన్నాడు క్యాషియరు. ఒక తండ్రి బిడ్డలు అంతంత దూరాన ఎవరి కొంప వాళ్లు పెట్టుకుని, ఒకరి గడప ఒకరు తొక్కకుండా తిరుగుతున్నారంటే ఏదో పెద్ద గొడవే జరిగి ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికల్లా కమిషనర్ గారి ఆజ్ఞ బోర్డెక్కింది. సౌరకుటుంబ నమూనాను అనుసరించి, పురపాలక కుటుంబంలోనూ ప్రతి ఉద్యోగికీ ఒక నిర్దిష్ట కక్ష కేటాయించబడును. ఉద్యోగులు తమ కక్షను విధిగా, చిత్తశుద్ధితో పాటించవలెను.

రిటైరైన తెలుగు మాస్టారు జోగారావు గారు తల్లి మరణ ధ్రువపత్రం కోసం వచ్చి, ఆ రోజు అక్కడే ఉన్నారు. బోర్డు చదివి ఆయనకు కాలు నిలవలేదు. తిన్నగా కమిషనర్ గారి గదిలోకి వెళ్లారు.

"అది కక్ష కాదండి. కక్ష్య. కింద యవత్తు ఉండాలి."

కమిషనర్ గారు కళ్లజోడు సవరించుకుని ఉత్తర్వు రెండుసార్లు చదివారు. "మీరన్నది నిజమే కావచ్చు మాస్టారూ. కానీ ప్రభుత్వ ఉత్తర్వుకు వత్తు ఇచ్చే అధికారం మా స్థాయిలో లేదు. అది పైనుంచి రావాలి."

"వత్తు పైనుంచి రాదండి. ఎప్పుడైనా కిందనుంచే."

"అది మీ వ్యాకరణంలో. పరిపాలనలో ఏది వచ్చినా పైనుంచే."

అయినా ఆయన న్యాయం తెలిసిన మనిషి కనుక, వత్తు విషయమై స్పష్టత కోరుతూ అప్పటికప్పుడు పైకి రాశారు. ఒక్క రోజులో తేల్చగలమని వాళ్లు జవాబిచ్చారు. మాస్టారు శుక్రుణ్ణి తలుచుకుని ఇంటికి వెళ్లిపోయారు.

కక్షల కేటాయింపు అనుకున్నంత తేలిక కాలేదు. చాలామందికి ఇదివరకే ఉన్నాయి. కొత్తవి ఎందుకు, ఉన్నవాటినే క్రమబద్ధీకరించండని వాళ్లు పట్టుబట్టారు. క్యాషియరు తన తోడల్లుడి మీద పెళ్లినాటి నుంచి పెంచుకున్న కక్షను సర్వీసులో కలపమన్నాడు. బిల్డింగుల ఇన్‌స్పెక్టరు తనకు ఒక్క కక్ష చాలదని, వీధికొకటి ఇప్పించమని అడిగాడు. కమిషనర్ మీద కక్ష కావాలని ఎవరూ అడగలేదు. ఆ ఖాళీకి మాత్రం ఆశావహులు ఎక్కువని చెవులు కొరుక్కున్నారు.

అందరివీ తేలాక, ఏ కక్షా లేనివాడు ఒక్కడు మిగిలాడు. గవర్రాజును కమిషనర్ గారు గదిలోకి పిలిపించారు. పక్కింటివాళ్ల మీద లేదా అని అడిగితే, పక్కిల్లు ఖాళీ అండి అన్నాడు. బావమరిది మీద లేదా అంటే, బావమరిది మంచోడండి అన్నాడు. పోనీ భార్య మీద అంటే, తల వంచుకున్నాడు.

"చూడు గవర్రాజూ. కక్ష లేని ఉద్యోగి తోకచుక్కతో సమానం. ఎప్పుడొస్తాడో ఎటు పోతాడో తెలియదు. తోకచుక్కను పర్మినెంటు చేయడానికి నిబంధన లేదు."

గవర్రాజు రెండు చేతులూ జోడించాడు. మీరే ఎవరినో ఒకరిని చూపించండని వేడుకున్నాడు. పనిలో ఎవరితో ఎక్కువ సంబంధమని కమిషనర్ గారు అడిగారు. దగ్గరలో ఉన్న గోళం ఆకర్షణకే లోబడాలన్నది ప్రకృతి సూత్రమని వివరించి, గవర్రాజుకు ఖాసిం మీద కక్ష మంజూరు చేశారు. కక్ష సంతృప్తికరంగా సాగుతున్నట్టు ధ్రువీకరణ వచ్చిన రోజున ఫైలు మీద సంతకం.

ఈ మాట చెప్పడానికి గవర్రాజు కాలవ గట్టు దాకా నడిచి వెళ్లి, పంపుహౌసు ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. ఖాసిమే లోపలి నుంచి వచ్చి లాగి లాగి రాబట్టాడు. విని, పడీ పడీ నవ్వాడు.

"నా మీద కక్ష కడితే నీకు పర్మినెంటు అవుద్దంటే ఇంకా చూస్తావేంటి బావా. కట్టెయ్. నాకేమన్నా మోతబరువా."

మరునాటికి ఇంకో కాగితం వచ్చింది. ఉపగ్రహాలను ఎలా పంపుతారో అందులో ఉంది. తొలుత చిన్న కక్షలో ప్రవేశపెట్టి, పిమ్మట దశలవారీగా కక్ష పెంపు విన్యాసాలు చేపట్టి, అంతిమంగా స్థిర కక్షకు చేరుస్తారట. కమిషనర్ గారికి దారి దొరికింది. తొలి దశలో ఎదురైతే మొహం తిప్పుకోవాలి. మలి దశలో నలుగురిలో తిట్టాలి. చివరి దశలో అవతలివాడికి ఏదైనా నష్టం కలగాలి. దానికి 'కక్ష సాధింపు' అని పేరు పెట్టి, నెల తిరిగేలోగా నూటికి నూరు శాతం లక్ష్యం విధించారు.

మొహం తిప్పుకోవడం గవర్రాజుకు చేతకాలేదు. ఎదురుగా మనిషి వస్తుంటే కళ్లు వాటంతట అవే అటు పోయేవి. ఏ పక్కకు తిప్పాలో, గడ్డం ఎంత ఎత్తాలో ఖాసిమే గట్టు మీద నిలబెట్టి నేర్పాడు. తిట్లు కూడా అతనే కూర్చాడు. తన మీద తానే మంచి మంచి తిట్లు ఏరి, తేలికవి ముందు, గట్టివి వెనక వచ్చేటట్టు వరస పెట్టి, గవర్రాజు చేత అప్పజెప్పించుకున్నాడు. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి.

పరీక్ష ట్యాంకు కింద జరిగింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు సాక్షిగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుళాయిల దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి మరీ నిలబడ్డారు. గవర్రాజు నోరు తెరిచాడు. ఒక్క తిట్టూ గుర్తు రాలేదు.

ఖాసిం పెదవులు కదపకుండా అందించాడు. "నీ మొహం మండ."

"నీ మొహం మండ," అన్నాడు గవర్రాజు.

"నీ జిమ్మడిపోను."

"నీ జిమ్మడిపోను."

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. ఇది బడిపిల్లల ఎక్కాల్లా ఉందని, కక్ష పెరిగిన జాడే లేదని, ఇలాగైతే ధ్రువీకరించలేనని పెన్ను జేబులో పెట్టుకోబోయాడు. పెన్ను జేబులోకి పోతుంటే గవర్రాజుకు తన ఫైలు కూడా అందులోకే పోతున్నట్టు అనిపించింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఖాసిం నేర్పని మాట ఒకటి నోట్లోంచి ఊడిపడింది.

"నీ మోటారు తగలబడ."

ఖాసిం పెదవులు కదలడం ఆగిపోయింది.

ఆ మోటారును ఖాసిం ఇంట్లో మనిషిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఎండలు ముదిరితే దానికి తాటాకుల పందిరి వేసేవాడు. కాస్త గరగరమంటే ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఈమధ్య అది మూలుగుతోందని, ఎవరినైనా పంపి చూపించమని ఆఫీసుకు రాసి పెట్టాడు కూడా. ఒక్క రోజులో చూస్తామన్నారు.

ఇన్‌స్పెక్టరు పెన్ను తీసి, సంతృప్తికరం అని రాశాడు. ఖాసిం సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు కరెంటు ఎగుడుదిగుడుగా వచ్చింది. మూలుగుతున్న మోటారు గుప్పుమని ఒక్క వాసన వేసి, కాయిలు కాలిపోయి, ఆగిపోయింది.

ఊళ్లో కుళాయిలు ఎండిపోయాయి. ఆఫీసులో మాత్రం పండగ. రాష్ట్రంలోనే తొలి నూరు శాతం కక్ష సాధింపు నీలిపూడిలో నమోదైందని కమిషనర్ గారు పైకి ఫోను చేసి చెప్పారు. తిట్టిన మాట తిట్టినట్టు, ఒక్క రోజు తేడాతో, అదీ మామూలు భూమి రోజుతో. గవర్రాజుకు శాలువా కప్పారు. సదరు కక్షను నిరోధించడంలో అలసత్వం వహించినందుకు ఖాసింకు మెమో ఇచ్చారు. గవర్రాజు శాలువాను చంకలో పెట్టుకుని ఆ సాయంత్రం బజారు వైపు నడుస్తుంటే ఖాసిం ఎదురయ్యాడు. ఎదురై, మొహం పక్కకు తిప్పుకున్నాడు. గడ్డం ఎంత ఎత్తాలో అంతే ఎత్తాడు.

గవర్రాజు ఫోను చేస్తే తీయలేదు. ఇంటికి వెళితే తలుపు తీసిన ఖాసిం భార్య, ఆయన లేరన్నయ్యా అంది. లోపల దగ్గు వినిపిస్తోంది.

గవర్రాజు భార్య నూకాలు కాలవ నుంచి నీళ్లు మోసుకొచ్చి బిందె దించి, గోడకు ఆనుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది. జరిగిందంతా అప్పటికే వీధంతా చెప్పుకుంటోంది.

"ఆ మాట ఎందుకన్నావు?"

"ఆడే తిట్టమన్నాడే."

"తనని తిట్టమన్నాడు గాని, మోటారుని తిట్టమన్నాడా?"

శాలువా ఆవిడే తీసి, బిందె కింద చుట్టకుదురుగా చుట్టుకుంది.

ఇలా ఉండగా వత్తు వచ్చింది.

రాజధాని నుంచి అంతరిక్ష విశేషాల అమలు ప్రత్యేకాధికారి త్రిపురసుందరి గారు జీపులో స్వయంగా తెచ్చారు. గత ఉత్తర్వులో క్ష అక్షరమునకు దిగువన యవత్తు చేర్చి చదువుకొనవలెను. ఇది తక్షణము అమలులోకి వచ్చును. అంతే. ఇన్నాళ్లూ జరిగినదాని గురించి ఒక్క మాట లేదు. జోగారావు మాస్టారికి కబురందితే, ఆయన వచ్చి ఆ వత్తును కళ్లారా చూసి, మా అమ్మ పత్రం కూడా వచ్చిందా అని అడిగారు. రాలేదు.

కమిషనర్ గారు కక్షలన్నిటినీ ఒక్క కలంపోటుతో రద్దు చేసి, అంతే భక్తితో కక్ష్యలు మొదలుపెట్టారు. రాత్రికి రాత్రి కుదరదు కనుక పగలే, అందరి చేతా ఊరంతా సున్నం గీతలు గీయించారు. ప్రతి ఉద్యోగికీ ఒక గుండ్రటి దారి. ఎవరి దారిలో వాళ్లే తిరగాలి. గ్రహాలు ఎక్కడా నిలబడవు కనుక ఎవరూ నిలబడకూడదు. గుమస్తాలు తమ బల్లల చుట్టూ తిరుగుతూ రాసేవారు. అర్జీ ఇవ్వదలచినవాళ్లు పక్కన పరిగెత్తుతూ ఇచ్చేవారు. చెత్త లారీ తన గీత మీదే తిరిగి తిరిగి, గీత మీద లేని చెత్తను వదిలేసేది. ఒకరి కక్ష్యలోకి మరొకరు అడుగు పెడితే గోళాలు ఢీకొన్నట్టు లెక్క. అంతకంటే పెద్ద నేరం లేదు.

గవర్రాజు గీత ట్యాంకు చుట్టూ, దాని కింది వీధుల చుట్టూ, మధ్యలో ఆఫీసు మీదుగా. ఖాసిం గీత కాలవ గట్టు నుంచి కరెంటాఫీసు దాకా. రెండు గీతలూ ఎక్కడా కలవవు. కక్ష ఉన్న రోజుల్లో తిట్టుకోవడానికైనా కలుసుకోమన్నారు. కక్ష్య వచ్చాక ఆ దారి కూడా మూసుకుపోయింది.

బల్ల చుట్టూ తిరుగుతున్న కమిషనర్ గారి వెంట గవర్రాజు తానూ తిరుగుతూ, జీవితంలో మొదటిసారి ఒక కోరిక కోరాడు. నా పాత కక్ష నాకు ఇప్పించండి అన్నాడు.

"కక్షలు రద్దయ్యాయయ్యా. కావాలంటే ఆఫీసు టైము అయ్యాక సొంతానికి పెట్టుకో." ఆయన మెత్తగానే చెప్పారు. "నీ ఫైలు పూర్తయింది. రేపు ప్రత్యేకాధికారి గారు ఊరంతా తనిఖీ చేస్తారు. ఆవిడ సమక్షంలో సంతకం. అందాకా నీ గీత దాటకు. దాటావా, ఫైలు కృష్ణబిలంలో పడ్డట్టే. అందులో పడితే వెలుతురు కూడా వెనక్కి రాదు. ఇవాళ్టి విశేషం అదే, బోర్డు మీద చూసుకో."

మర్నాడు పొద్దున్న గవర్రాజు తన కక్ష్యలో బయలుదేరాడు. కుళాయిల దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకుని అతన్నే చూస్తున్నారు. కాలిన కాయిలు మార్చి మోటారు వచ్చిందని, ఖాసిం ఒక్కడే దాన్ని బిగించుకుంటున్నాడని, సాయానికి ఎవరి గీతా అటు పోదని వాళ్లలో ఎవరో అన్నారు. గవర్రాజు ఇంకొంత దూరం గీత మీదే నడిచాడు. గీత ఎడమకు తిరిగింది. కాలవ కుడివైపున ఉంది. అతను ఆగాడు. ఆగడమే నేరం కనుక, ఇక అక్కడ నిలబడి ఆలోచించడం దేనికని కుడివైపుకు నడిచాడు.

ఖాసిం పంపుహౌసులో మోటారు ఒక కొస ఎత్తి, రెండో కొస ఎత్తలేక, దాన్ని ఒళ్లో పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. గవర్రాజు వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని దిమ్మ మీదకు చేర్చారు. చెరో పక్కా బోల్టులు బిగించారు.

"గీత దాటొచ్చావు," అన్నాడు ఖాసిం.

"ఊఁ."

"ఇవాళే కదా నీ సంతకం."

"ఆ మాట అనకుండా ఉండాల్సింది బావా."

ఖాసిం పానా కింద పెట్టాడు. "నాకెందుకు చెప్తావు. నన్నేమన్నావని. దానికి చెప్పు."

గవర్రాజు అటూ ఇటూ చూశాడు. తర్వాత మోటారు మీదకు వంగి, ఖాసింకు కూడా వినపడకుండా ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఖాసిం గోడ వైపు తిరిగి పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడే గట్టు మీద జీపు ఆగింది. కమిషనర్ గారు, ప్రత్యేకాధికారి త్రిపురసుందరి గారు దిగారు. కమిషనర్ గారి చేతిలో ఫైలు ఉంది. గవర్రాజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఉన్న ఖాసిం బయటివాళ్లకు కనబడలేదు.

"గవర్రాజూ, నువ్వు ఎవరి కక్ష్యలో ఉన్నావో తెలుస్తోందా?" కమిషనర్ గారు ఫైలు పైకెత్తి చూపారు. "మేడం గారి ఎదుట ఒక గోళం ఇంకొక గోళం దారిలోకి రావడమంటే దాన్నేమంటారో తెలుసా?"

"గ్రహణం అంటారండి," అన్నాడు గవర్రాజు.

త్రిపురసుందరి గారు ఆగి అతన్ని పరిశీలనగా చూశారు. గుమ్మాన్ని చూశారు. ఖాసిం ఎక్కడని అడిగారు. ఇదిగో నా వెనకాలండి, నేను అడ్డం వచ్చాను కదండి, అన్నాడు. ఆవిడ తన దగ్గరున్న విశేషాలన్నీ తిరగేసి, ఇది ఖగోళ ఘటనల పరిధిలోకే వస్తుందని, ఢీకొట్టడం కింద నమోదు చేయడానికి వీల్లేదని తేల్చారు.

కమిషనర్ గారికి ఇదేమీ వినబడలేదు. గ్రహణం అన్న మాట చెవిన పడగానే ఆయన మొహం పాలిపోయింది. పొద్దున టిఫిను తిన్న సంగతి గుర్తొచ్చి పొట్ట తడుముకున్నారు.

"తమరిది ఏ నక్షత్రం మేడం?"

"మృగశిర. ఎందుకు?"

"అయితే తమరు చూడకూడదు."

ఆయన ఫైలు ఆవిడ మొహానికి అడ్డం పెట్టారు. ఆవిడ అంతరిక్ష విజ్ఞానాధికారిణి కనుక ఒక క్షణం తటపటాయించి, ఆ తర్వాత కొంగు నెత్తి మీదకు లాక్కుని, గబగబా జీపెక్కారు. అద్దాలు మూశారు. లోపలి నుంచి కమిషనర్ గారు కాస్త సందు చేసి అడిగారు.

"విడుపు ఎప్పుడు?"

గవర్రాజు వెనక్కి తిరిగి ఖాసిం వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగాడు.

"ఇప్పుడే పట్టిందండి. సంపూర్ణం."

గ్రహణం పట్టి ఉండగా సంతకాలు పనికిరావు. విడుపు స్నానం అయ్యాకే ఏదైనా. అందుకని కమిషనర్ గారు డ్రైవరు చేత గట్టు మీది దర్భ పోచ ఒకటి తెప్పించి, పాడైపోకుండా దాన్ని పర్మినెంటు ఫైలు మధ్యలో పెట్టించి, జీపు తిప్పించుకుని వెళ్లిపోయారు.

ఖాసిం మోటారు వేశాడు. గవర్రాజు పరుగున వెళ్లి వాల్వు తిప్పాడు. కుమ్మరి వీధి కుళాయిలో ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత మంచి నీళ్లు.

గ్రహణం విడిచిందేమో చూసి రమ్మని అప్పటి నుంచి ఆఫీసు మనిషి రోజూ కాలవ గట్టుకు వస్తూనే ఉన్నాడు. ఆ ఏడాది దాటిపోయింది. గవర్రాజుకు వయసు మీరిపోయింది. ఫైలు మాత్రం దర్భతో చెక్కుచెదరకుండా ఉందట. ఇంటికి పొమ్మని చెప్పడానికి కూడా గ్రహణం విడవాలి గనుక ఎవరూ పొమ్మనలేదు. ఆఫీసు మనిషి గట్టు కింద నిలబడి, పైకి చూడకుండా, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని అడుగుతాడు. పంపుహౌసు గుమ్మంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఎవరో ఒకరు జవాబు చెబుతారు.

"ఇంకా పట్టే ఉందండి."